కరగకుండా అతికే లోహాలు: ఈ నెల మీ ప్రశ్నలు

పోయిన నెల వెల్డింగ్ రాడ్ల గురించి రాస్తూ, చివర్లో మాటవరసకి "అసలు కరిగించకుండానే రెండు లోహాల్ని అతికించే పద్ధతి ఒకటుంది, దాన్ని డిఫ్యూజన్ వెల్డింగ్ అంటారు" అని ఒక్క ముక్క అన్నాను. ఆ ఒక్క ముక్కకి వచ్చినన్ని ఉత్తరాలు మొత్తం వ్యాసానికి రాలేదు! ఎక్కువ మంది అడిగింది అల్యూమినియం, నికెల్ జత గురించే. అందుకే ఈసారి చాలావరకు ఆ రెండింటి కాపురం మీదే ఉంటాను.

ప్రశ్న: సార్, మా వర్క్‌షాప్‌లో టిగ్ మెషీన్ (ఆర్క్‌తో కరిగించి అతికించే వెల్డింగ్ మెషీన్) ఉంది. అల్యూమినియం ముక్కకి నికెల్ ముక్క వెల్డ్ చేద్దామని చూస్తే అతికినట్టే అతికి, చల్లారేలోపే టప్‌మని పగిలింది. ఫిల్లర్ రాడ్ మార్చినా అంతే. డిఫ్యూజన్ వెల్డింగ్‌లో మాత్రం ఎలా అతుకుతుంది? ఏదీ కరగకపోతే అతుకు ఎక్కణ్నించి వస్తుంది?
– పాలిటెక్నిక్ మెకానికల్ విద్యార్థి, కాకినాడ

జవాబు: తమ్ముడూ, ముందు నీ ముక్క ఎందుకు పగిలిందో చూద్దాం. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నికెల్ 1455 దగ్గర. నికెల్ కరిగేదాకా ఆర్క్ పట్టుకుని కూర్చుంటే అప్పటికి అల్యూమినియం నీళ్లలా కారిపోతుంది. సరే, ఎలాగో రెండూ కరిగి కలిశాయనుకో. నీళ్లలో ఉప్పు కలిసినట్టు కలుస్తాయా అంటే, కలవవు. గట్టిగా ఉన్న అల్యూమినియం తనలో ఇముడ్చుకోగలిగిన నికెల్ మహా అయితే 0.05 శాతం. మిగిలిన నికెల్ అంతా అల్యూమినియంతో లెక్క ప్రకారం జట్టు కట్టి కొత్త పదార్థాలుగా మారుతుంది. మూడు అల్యూమినియం పరమాణువులకి ఒక నికెల్, మూడింటికి రెండు, ఒకటికి ఒకటి, ఒకటికి మూడు, ఇలాగన్నమాట. వీటిని ఇంటర్‌మెటాలిక్స్ అంటారు. చూడ్డానికి లోహంలా మెరుస్తాయి గానీ గుణం పింగాణీది, వంగమంటే విరుగుతాయి. నీ వెల్డు నిండా ఉన్నది అదే. దానికి తోడు చల్లారేటప్పుడు అల్యూమినియం నికెల్ కన్నా దాదాపు రెండింతలు ముడుచుకుంటుంది. పింగాణీ కప్పుని రెండు వైపులా పట్టుకుని లాగితే ఏమవుతుందో అదే అయింది. పాపం, ఫిల్లర్ రాడ్‌ది ఇందులో తప్పేం లేదు.

ఇక కరగకపోతే అతుకు ఎక్కడిదంటావా, ఇంటికెళ్లి వంటింట్లో చూడు. రెండు చపాతీ పిండి ముద్దల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే అతుక్కుంటాయి, కాసేపయ్యాక ఎక్కడ అతికించావో నీకే తెలీదు. అదే మధ్యలో పొడిపిండి చల్లి నొక్కితే అతకవు. లోహాల సంగతీ అంతే, శుభ్రమైన లోహం ముఖం శుభ్రమైన లోహం ముఖానికి నిజంగా తగిలితే సరిహద్దులో ఉన్న పరమాణువుకి తను ఎటువైపుదో తెలీదు, పక్కనున్నదాన్ని పట్టుకుంటుంది. మరి బల్ల మీద పెట్టిన రెండు ముక్కలు ఎందుకు అతుక్కోవు? వాటి మీదా పొడిపిండి ఉంది కాబట్టి. గాలి తగిలిన ప్రతి అల్యూమినియం ముక్క మీదా రెండు మూడు నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఉంటుంది, గోకినా క్షణంలో మళ్లీ పుడుతుంది. పైగా మనకి నున్నగా కనిపించే ముఖం సూక్ష్మదర్శిని కింద తూర్పు కనుమల్లా ఉంటుంది. రెండు కొండల వరసల్ని ఒకదాని మీద ఒకటి బోర్లిస్తే శిఖరాలే తగులుతాయి, లోయలన్నీ ఖాళీ.

డిఫ్యూజన్ వెల్డింగ్‌లో చేసే పని ఆ శిఖరాల్ని నెమ్మదిగా అణగదొక్కడం. గాలి తీసేసిన కొలిమిలో ముక్కల్ని పెట్టి, కరిగే వేడికి బాగా కిందే ఆపి, ఒత్తిడి పెట్టి, నిమిషాల నుంచి గంటల దాకా అలా ఉంచుతారు. శిఖరాలు నలుగుతాయి, లోయలు పూడతాయి, ఆపైన పరమాణువులు గట్టు దాటి అటూ ఇటూ నడుస్తాయి. మీ పాఠ్యపుస్తకంలో ఉండే వ్యాపనం అదే. మన కమ్మరి కొలిమిలో రెండు ఇనుప ముక్కల్ని తెల్లగా కాల్చి, ఇసుక చల్లి, సుత్తితో ఒక్కటి చేసేవాడు చూడు, అదీ ఈ కుటుంబానిదే. ఇసుక ఇనుము మీది చిట్టెంతో కలిసి కరిగి, దెబ్బ పడగానే చిమ్ముకుని బయటికి పోయేది. కమ్మరి దెబ్బతో క్షణాల్లో చేసిన పనిని ఇక్కడ నిదానంగా, ముక్క కొలతలు పెద్దగా మారకుండా చేస్తారు. ఆధునిక రూపం మాత్రం 1953లో మాస్కోలో ఎన్.ఎఫ్. కజకోవ్ మొదలుపెట్టింది.

గట్టి లోహంలో పరమాణువులు నడుస్తాయంటే నమ్మబుద్ధి కాదా? లండన్ టంకశాలలో రసాయన శాస్త్రవేత్తగా పనిచేసిన రాబర్ట్స్-ఆస్టెన్ ఒక సీసం ముక్కని బంగారానికి ఆనించి మామూలు గది వేడిలోనే నాలుగేళ్లు వదిలేశాడు. తర్వాత సీసాన్ని పొరలు పొరలుగా కోసి పరీక్షిస్తే లోపల బంగారం దొరికింది. ఆ సంగతి ఆయన 1900లో ప్రకటించాడు. కిటుకు ఎక్కడుందంటే, సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. అంటే కెల్విన్ లెక్కలో 600. మన గది వేడి 290, 300 కెల్విన్. కాబట్టి మనకి చల్లగా అనిపించే గది సీసానికి సగం కొలిమి! ఏ లోహానికైనా కెల్విన్‌లో కరిగే వేడికి సగం దాటాక పరమాణువులు కదలడం మొదలవుతుంది, 0.6 నుంచి 0.8 దాకా వచ్చేసరికి పని జోరందుకుంటుంది.

ప్రశ్న: ఎం.టెక్ ప్రాజెక్టులో నికెల్, అల్యూమినియం డిఫ్యూజన్ బాండింగ్ చేస్తున్నాను. ముక్కల్ని అసిటోన్‌తో శుభ్రం చేసి, 5 మెగాపాస్కల్ ఒత్తిడిలో 500, 550, 600 డిగ్రీల దగ్గర గంట చొప్పున ఉంచాను. 600 దగ్గరి శాంపిల్ చూడ్డానికి చక్కగా అతికింది, షియర్ టెస్ట్‌లో (అతుకుని పక్కకి నెట్టి బలం కొలిచే పరీక్ష) మాత్రం దానికే అన్నిటికన్నా తక్కువ బలం వచ్చింది. అతుకు దగ్గర నల్ల చుక్కల వరస కూడా కనిపిస్తోంది, ఫోటో పంపుతున్నాను. టైమ్ పెంచి చూడమని మా ల్యాబ్‌లో సీనియర్ అంటున్నారు. పెంచాలా?
– పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: వద్దమ్మా. మీ సీనియర్ టైటానియం మీద పనిచేసి ఉంటారు, అక్కడ ఆ సలహా చాలావరకు పనిచేస్తుంది. టైటానియం వేడెక్కితే తన మీది ఆక్సైడ్‌ని తనే లోపలికి మింగేస్తుంది, అతికించే రెండు వైపులా అదే లోహం అయితే మధ్యలో కొత్త పదార్థం పుట్టే బాధ లేదు. అల్యూమినియం తన ఆక్సైడ్‌ని మింగదు. ఆ ఆక్సైడ్ 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు కూడా. ఇక మీ జతలో మూడోది పుట్టి తీరుతుంది. మొదట అల్యూమినియం వైపు మూడింటికి ఒకటి లెక్కన ఉండే పొర, కాసేపటికి నికెల్ వైపు మూడింటికి రెండు లెక్కన ఉండే పొర వస్తాయి. ఇవి అసలే లేకపోతే అతుకు లేదు. రెండు మూడు మైక్రాన్లుంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అతుకు బలంగా ఉంటుంది. పదిహేను, ఇరవై అయ్యాయంటే బిళ్ల పెంకు అతికించినట్టే. ఈ జతతో వచ్చిన చిక్కల్లా ఇదే, అతికించడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు, సమయానికి ఆపడమే కష్టం. కొలిమి దగ్గర కూర్చునేవాళ్లలో చాలామందికి మొదటి భాగం వస్తుంది, రెండోది వచ్చేలోపు పది శాంపిళ్లు పోతాయి.

పొర మందం కాలంతో సూటిగా పెరగదు, వర్గమూలంతో పెరుగుతుంది. పావుగంటలో 4 మైక్రాన్లు పెరిగితే గంటకి 8 అవుతుంది, 16 కాదు. వినడానికి ఊరటగా ఉంది కదా? వేడి దగ్గర మాత్రం ఈ ఊరట లేదు. 50 డిగ్రీలు పెంచితే పొర వేగం అనేక రెట్లు ఎగబాకుతుంది. కాబట్టి మీరు పెంచాల్సింది టైమ్ కాదు, తగ్గించాల్సింది వేడి. 600 వదిలేయండి, పైగా 640 దగ్గర అల్యూమినియం నికెల్ కలిసి ద్రవమయ్యే గీత ఉంది, మీ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ముక్కకి కాస్త దూరంగా ఉంటే మీరు 600 అనుకుంటున్నది నిజంగా ఎంతో దేవుడికే తెలియాలి. 500 నుంచి 540 మధ్య, 15 నిమిషాల నుంచి 45 నిమిషాల దాకా మెట్లు మెట్లుగా చేసి చూడండి, ప్రతి శాంపిల్‌ని అడ్డంగా కోసి పొర మందం కొలవండి. బలం గ్రాఫ్ పైకి వెళ్లి మళ్లీ దిగుతుంది. ఆ శిఖరం ఎక్కడుందో చెప్పగలిగితే మీ థీసిస్ అయిపోయినట్టే.

నా సొంత బాగోతం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట బాలానగర్ వైపు ఒక చిన్న సంస్థలో (పేరొద్దులెండి) వాక్యూమ్ కొలిమి చూసేవాణ్ని. సరిగ్గా ఇదే జత, 40 నిమిషాలు ఉంచాల్సింది. టైమర్‌లో నిమిషాలు పెట్టే చోట గంటల గడిలో 4 కొట్టి, టిఫిన్‌కి పోయి, తిరిగొచ్చి ఇంకో పనిలో పడ్డాను. మర్నాడు తీసి చూస్తే అతుకు అద్భుతం, సందు కనబడదు, గోరు తగలదు. మేనేజర్ గారికి చూపిద్దామని గ్రానైట్ బల్ల మీద పెట్టాను. పెట్టిన చప్పుడుకే "టింగ్" అని రెండు ముక్కలైంది. విరిగిన ముఖాలు చూస్తే బూడిద రంగులో, పంచదార పలుకుల్లా మిలమిల. అక్కడ అల్యూమినియమూ లేదు, నికెలూ లేదు, ఉన్నదంతా ఆ మూడోదే. అప్పట్నుంచి టైమర్ పెట్టాక ఇంకొకర్ని పిలిచి చదివిస్తాను.

మీరు ఫోటోలో చూపించిన నల్ల చుక్కల వరస గురించి. అది మురికి కాకపోవచ్చు. పక్కపక్కనున్న రెండు లోహాల పరమాణువులు ఒకే వేగంతో నడవవు. ఒకవైపు నుంచి ఎక్కువ మంది వెళ్లిపోయి, అటునుంచి తక్కువ మంది వస్తే వెనక ఇళ్లు ఖాళీ పడతాయి, ఆ ఖాళీలన్నీ ఒకచోట చేరి రంధ్రాలవుతాయి. 1947లో స్మిగెల్‌స్కాస్, కిర్కెండాల్ ఇత్తడికీ రాగికీ మధ్య సన్నని మాలిబ్డినం తీగలు పెట్టి, వేడిచేసి, తీగలు జరిగాయని చూపించి దీన్ని తేల్చారు. ఇత్తడిలోని జింకు బయటికి పరిగెత్తినంత జోరుగా రాగి లోపలికి రాలేదు. అంతవరకు పరమాణువులు చోట్లు మార్చుకుంటాయి కాబట్టి వేగం సమానమే అని పెద్దపెద్దవాళ్లే నమ్మేవారు. చుక్కలు చక్కగా ఒకే గీత మీద, పొరకి సమాంతరంగా ఉంటే కిర్కెండాల్ రంధ్రాలని అనుమానించండి. చెల్లాచెదురుగా, పొడుగ్గా ఉంటే అవి పూడని లోయలు, అంటే ఒత్తిడి చాల్లేదు.

ఒత్తిడి అంటే గుర్తొచ్చింది, మీరు 5 మెగాపాస్కల్ అని రాశారు. 20 మిల్లీమీటర్ల కడ్డీ ముఖం మీద అది సుమారు 160 కిలోల బరువు, ఆరు పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎత్తి పెట్టినట్టు. చాలు. ప్రెస్ లేని చోట ఒక పాత కిటుకుంది. వేడికి తక్కువ సాగే మాలిబ్డినం లాంటి లోహంతో చేసిన బిగింపులో ముక్కల్ని బిగించి కొలిమిలో పెడతారు, లోపలి ముక్కలు ఎక్కువ సాగాలని చూస్తాయి, బిగింపు సాగనివ్వదు, ఒత్తిడి దానంతటదే పుడుతుంది. ముక్కకీ ప్రెస్‌కీ మధ్య బోరాన్ నైట్రైడ్ పూయడం మర్చిపోకండి. లేకపోతే ముక్క అతకాల్సిన దానికి అతక్క ప్రెస్‌కి అతుక్కుంటుంది, దాన్ని ఊడదీసేటప్పుడు ల్యాబ్ అసిస్టెంట్ మాటలు వినలేం.

శుభ్రం చేయడంలో మీరు అసిటోన్‌తో ఆపేశారు. అది నూనె తీస్తుంది గానీ ఆక్సైడ్‌ని కదిలించదు. అల్యూమినియంని స్టీలు బ్రష్‌తో గీకి, కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచి, కడిగి, పలచని నైట్రిక్ యాసిడ్‌లో మసి పోగొట్టి (గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా వద్దు) వెంటనే వాక్యూమ్‌లోకి పంపాలి, కాంటీన్‌కి వెళ్లొచ్చి కాదు. వాక్యూమ్ కూడా మామూలు గాలి పీడనంలో కోటో వంతుకి దిగితే మంచిది. ఇంకో ఉపాయం, స్వచ్ఛమైన అల్యూమినియం బదులు ఒక శాతం మెగ్నీషియం ఉన్న 6061 లాంటిది వాడి చూడండి. మెగ్నీషియానికి ఆక్సిజన్ మీద అల్యూమినియం కన్నా ఆశ ఎక్కువ, ఆ పొరని అక్కడక్కడా కొరికి ముక్కలు చేస్తుంది. మధ్యలో సన్నని రాగి రేకు పెట్టేవాళ్లూ ఉన్నారు. అయితే రాగి, అల్యూమినియం 548 డిగ్రీలకే కలిసి కరుగుతాయి కాబట్టి అది ఇక పూర్తిగా గట్టి స్థితిలో జరిగే అతుకు కాదు, ఇంకో పద్ధతి అయిపోతుంది. ఆ సంగతి రిపోర్టులో రాయండి, వైవాలో తప్పకుండా అడుగుతారు.

చల్లార్చేటప్పుడు తొందరపడొద్దు. 100 మిల్లీమీటర్ల పొడుగు అతుకు 550 నుంచి గది వేడికి దిగేసరికి రెండు లోహాల ముడుపులో తేడా సుమారు అర మిల్లీమీటరు. మీ శాంపిల్ చిన్నది కాబట్టి బతికింది.

ప్రశ్న: ఆటోనగర్‌లో ఈ-బైక్ బ్యాటరీ ప్యాకులు రిపేర్ చేస్తాను. పౌచ్ సెల్స్‌లో (పలచని సంచీలాంటి బ్యాటరీ సెల్స్) ప్లస్ ట్యాబ్, అంటే కరెంటు బయటికొచ్చే రేకు, అల్యూమినియంది. దాని మీద నికెల్ స్ట్రిప్ స్పాట్ వెల్డింగ్ పట్టడం లేదు. మీరు చెప్పిన డిఫ్యూజన్ పద్ధతి దీనికి పనికొస్తుందా?
– మెకానిక్, విజయవాడ

జవాబు: అన్నా, దయచేసి ఆ ప్రయత్నం చేయకు. డిఫ్యూజన్‌కి 500 డిగ్రీలు కావాలి, నీ సెల్ లోపల పొరల మధ్య ఉండే ప్లాస్టిక్ సెపరేటర్ 130 దగ్గరే మెత్తబడుతుంది. ఆ తర్వాత జరిగేది షాపు మొత్తం చూస్తుంది.

స్పాట్ ఎందుకు పట్టడం లేదంటే, స్పాట్ మెషీన్ బతికేది లోహం కరెంటుకి అడ్డుపడటం మీద. నికెల్ అడ్డుపడుతుంది, వేడెక్కుతుంది. అల్యూమినియం నికెల్ కన్నా రెండున్నర రెట్లు తేలిగ్గా కరెంటుని పోనిస్తుంది, వచ్చిన కాస్త వేడినీ పక్కకి లాగేసుకుంటుంది, మీదేమో ఆక్సైడ్ పొర. కంపెనీల్లో దీన్ని అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌తో చేస్తారు. సెకనుకి 20 వేల సార్లు ముక్కని ముక్క మీద రుద్దితే ఆక్సైడ్ చిట్లిపోయి లోహం లోహానికి తగులుతుంది, సెకనులోపే పని అయిపోతుంది కాబట్టి ఆ పెళుసు పొర పెరగడానికి వ్యవధి ఉండదు. నీ దగ్గర ఆ మెషీన్ లేదు కాబట్టి అల్యూమినియం ట్యాబ్‌కి ముందే నికెల్ అతికించి అమ్మే సెల్స్ తీసుకో, నికెల్ మీద నికెల్ స్పాట్ హాయిగా పడుతుంది. లేదా ట్యాబుల్ని రాగి పట్టీకి బోల్టులతో గట్టిగా బిగించే పద్ధతి ఉంది, తడి మాత్రం తగలనీయకు, తడి తగిలితే అల్యూమినియంని ముందు తినేస్తుంది.

నువ్వు అడగలేదు గానీ చెబుతా. బజార్లో నికెల్ స్ట్రిప్ అని అమ్మేదాంట్లో చాలా వరకు పైన నికెల్ పూసిన ఇనుమే. అయస్కాంతంతో చూస్తే తెలీదు, నికెల్ కూడా అంటుకుంటుంది. ఆకురాయితో ఒకచోట గీకి, గ్లాసుడు ఉప్పునీళ్లలో రెండ్రోజులు పడెయ్. గీత తుప్పు రంగుకి తిరిగితే ఇనుము.

ప్రశ్న: మూడు పొరల కడాయి (ట్రైప్లై) కొన్నాను. లోపల స్టీలు, మధ్యలో అల్యూమినియం, బయట మళ్లీ స్టీలు అన్నాడు షాపతను. జిగురు పెట్టి అతికిస్తారా? కొన్నాళ్లకి పొరలు ఊడిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది, ఖరీదు కూడా తక్కువేం కాదు.
– గృహిణి, హనుమకొండ

జవాబు: జిగురు కాదమ్మా. మూడు రేకుల్ని బాగా గీకి శుభ్రం చేసి, వేడి చేసి, పెద్ద రోలర్ల మధ్య ఒక్కసారిగా నొక్కుతారు. రేకు పలచబడి సాగుతుంది, మీది ఆక్సైడ్ సాగలేక ఎండిన చెరువు మట్టిలా బీటలిస్తుంది, ఆ బీటల్లోంచి కొత్త లోహం పైకి తన్నుకొచ్చి అవతలి లోహాన్ని పట్టుకుంటుంది. దీన్ని రోల్ బాండింగ్ అంటారు. డిఫ్యూజన్ వెల్డింగ్‌కి అక్కాచెల్లెళ్ల వరస. మన దగ్గర నకిలీ నగకి "రోల్డ్ గోల్డ్" అనే పేరు వచ్చింది కూడా ఈ పని నుంచే, సన్నని బంగారు రేకుని ఇత్తడికి వేడితో, ఒత్తిడితో అతికించి రోలర్లలో సాగదీసేవారు. చిలకలపూడి నగలకి ఆ పేరే స్థిరపడింది గానీ, ఇప్పుడు మార్కెట్లో దొరికేవాటిలో ఎక్కువ భాగం కరెంటుతో పూత వేసినవే.

మామూలు వంట వేడికి మీ కడాయి పొరలు ఊడవు. ఖాళీ కడాయిని పెద్ద మంట మీద పెట్టి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోవద్దు, ఎర్రబడేదాకా కాలిస్తే మధ్యలోని అల్యూమినియం మెత్తబడుతుంది. అంచు దగ్గర అల్యూమినియం గీత కనిపిస్తుంది చూడండి, డిష్‌వాషర్ పొడిలోని క్షారం దాన్ని మెల్లగా తింటుంది. గిన్నె చేత్తో తోమితే ఏళ్ల తరబడి ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో విమాన ఇంజన్ల సంస్థలో పనిచేస్తాడు. ఇంజను ముందు తిరిగే రెక్కలు లోపల బోలుగా ఉంటాయనీ, వాటిని గ్యాస్‌తో బుడగలా ఊదుతారనీ ఫోన్లో చెప్పాడు. నాకు ఇంజనీరింగ్ తెలియదని ఆట పట్టిస్తున్నాడా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: లేదు మాస్టారూ, నిజమే చెప్పాడు. రోల్స్-రాయిస్ ట్రెంట్ ఇంజన్ల ముందుండే టైటానియం రెక్కలు అలాగే తయారవుతాయి. మూడు టైటానియం రేకులు తీసుకుంటారు. మధ్య రేకు ఎక్కడ అతకకూడదో అక్కడ ఇట్రియా అనే పొడి పూస్తారు, చపాతీ మడతల మధ్య నూనె, పొడిపిండి రాసినట్టు. మూడింటినీ కలిపి 900 డిగ్రీలు దాటిన వేడిలో, గ్యాస్ ఒత్తిడి కింద ఉంచితే పొడి లేని చోట్ల అతుక్కుంటాయి, ఉన్న చోట్ల విడిగానే ఉంటాయి. తర్వాత అచ్చులో పెట్టి, మళ్లీ అంత వేడి చేసి, లోపలికి ఆర్గాన్ గ్యాస్ ఎక్కిస్తారు. ఆ వేడిలో ఈ టైటానియం మిశ్రమం బబుల్‌గమ్‌లా సాగుతుంది, పూరీలా పొంగుతుంది. పొంగేటప్పుడు మధ్య రేకు అటూ ఇటూ లాగబడి ఏటవాలు నిట్టాడుల్లా నిలబడుతుంది. అందుకే రెక్క తేలికా, గట్టీ రెండూ. ఇలాంటిది అల్యూమినియంతో ఎందుకు చేయరని మీ అబ్బాయిని అడిగి చూడండి. ఆక్సైడ్ గురించి చెబితే కుర్రాడు పని నేర్చుకున్నట్టే.

ప్రశ్న: అంతరిక్షంలో గాలి ఉండదు కదా, అక్కడ రెండు స్పూన్లు తగిలితే అతుక్కుపోతాయని యూట్యూబ్‌లో చూశాను. నిజమేనా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, నెల్లూరు

జవాబు: సగం నిజం. ఇక్కణ్నించి తీసుకెళ్లిన స్పూన్ల మీద ఆక్సైడ్ పొర ఉంటుంది, ఊరికే తగిలితే ఏమీ కాదు. కానీ ఆ పొర రుద్దుకుని పోయిందంటే, అక్కడ మళ్లీ పెరగడానికి గాలి లేదు. 1989లో బయల్దేరిన గెలీలియో వ్యోమనౌక పెద్ద యాంటెన్నా గొడుగులా 18 ఊచలతో ముడుచుకుని ఉండేది. 1991 ఏప్రిల్‌లో తెరవబోతే కొన్ని ఊచలు పట్టేసి సగమే తెరుచుకుంది. పొడి కందెన భూమ్మీద లారీల్లో అటూ ఇటూ తిప్పినప్పుడే రాలిపోయి, లోహం లోహాన్ని పట్టుకుని ఉండాలని విచారణలో అంచనాకి వచ్చారు. తర్వాత చిన్న యాంటెన్నాతోనే గురుగ్రహం ఫొటోలు పంపింది, పాపం నెమ్మదిగా.

ప్రశ్న: నికెల్, అల్యూమినియం కలిస్తే పుట్టేది పెళుసు అంటారు. అది పనికిమాలిందేనా, దేనికైనా వాడతారా?
– కెమిస్ట్రీ లెక్చరర్, కర్నూలు

జవాబు: మంచి ప్రశ్న వేశారు. అతుకు మధ్యలో గోడలా నిలబడితే శత్రువు గానీ, వేరే చోట్ల దానికి చాలా గిరాకీ ఉంది. మూడు నికెల్‌కి ఒక అల్యూమినియం లెక్కన ఉండే పదార్థం కంటికి కనబడనంత చిన్న గడ్డలుగా నికెల్ మిశ్రమంలో చెదిరి ఉంటే, ఎర్రగా కాలినా సాగని సూపర్ అల్లాయ్ అవుతుంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ప్రభుత్వ లోహాల సంస్థ మిధాని చేసే నికెల్ మిశ్రమాల్లో ఈ కోవకి చెందినవి ఉన్నాయి. ఒకటికి ఒకటి లెక్కన ఉండేది 1638 డిగ్రీల దాకా కరగదు, అంటే దాన్ని పుట్టించిన రెండు లోహాల కన్నా మొండిది. దాన్ని టర్బైన్ రెక్కల మీద పూతగా వాడతారు. అల్యూమినియం, నికెల్ పొరల్ని నానోమీటర్ల మందంతో వందల కొద్దీ పేర్చిన రేకుకి చిన్న నిప్పురవ్వ తగిలిస్తే రెండూ కలిసే వేడికే రేకంతా క్షణంలో భగ్గుమంటుంది, ఆ వేడితో పక్కనున్న టంకం కరిగించి సున్నితమైన భాగాల్ని అతికిస్తారు.

మీ లెక్చరర్లకి బాగా తెలిసింది ఇంకొకటుంది. అమెరికాలో మర్రే రేనీ అనే ఇంజనీరు పత్తిగింజల నూనెని గడ్డకట్టించే ఉత్ప్రేరకం కోసం వెతుకుతూ నికెల్, అల్యూమినియం సమానంగా కలిపి కరిగించి, గడ్డని పొడికొట్టి కాస్టిక్ సోడాలో వేశాడు, 1927లో పేటెంట్ వచ్చింది. ఆ గడ్డలో ఉండేవి మన అతుకులో పుట్టిన ఆ రెండు పదార్థాలే, మూడింటికి ఒకటి, మూడింటికి రెండు. పెళుసు కాబట్టే సులువుగా పొడి అవుతుంది. సోడా అల్యూమినియంని లాగేసుకుంటే మిగిలిన నికెల్ స్పంజిలా రంధ్రాలు రంధ్రాలుగా ఉంటుంది. మీ ల్యాబ్ బీరువాలో రేనీ నికెల్ సీసా ఉంటే ఒకసారి చూడండి, పొడి నీళ్లలో మునిగి ఉంటుంది. ఆరి గాలి తగిలిందంటే అంటుకుంటుంది.